చందా, టికెట్, దుకాణం: చిన్న గేమ్ సర్వర్ ఏ దారిన డబ్బు తీసుకోవచ్చు

వీఐపీ 99 రూపాయలు, ఎంవీపీ 199, కింగ్ 499. కింగ్ తీసుకుంటే గాల్లో ఎగరొచ్చు, చచ్చినా సామాను పోదు, వారానికోసారి వజ్రాల కిట్టు. కింద ఒక ఫోన్‌పే క్యూఆర్, "కట్టాక స్క్రీన్‌షాట్ పెట్టండి" అని ఒక ముక్క. దక్షిణ ఒడిశాలోని రాయగడలోనో, పర్లాకిమిడిలోనో, బరంపురంలోనో ఇంటర్ చదివే నలుగురు కుర్రాళ్లు కలిసి మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెడితే, రెండో నెలకల్లా వాట్సాప్ గ్రూపులో పడే పట్టీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అందులో దురాశేం లేదు. హోస్టింగ్ బిల్లు, అంటే సర్వర్ అద్దె వచ్చింది, జేబులో డబ్బుల్లేవు, అంతే.

కానీ ఆ పట్టీలోని మూడు వరాలూ గేమ్ కంపెనీ అమ్మొద్దన్నవే. ఇదే పట్టీ జీటీఏ సర్వర్‌కి పెడితే వరాలకన్నా ముందు ఆ క్యూఆరే తప్పు. కౌంటర్ స్ట్రైక్‌లో అయితే డబ్బు తీసుకోకుండా ఊరికే ఇచ్చినా తప్పయ్యేవి ఉన్నాయి. అందుకే "సర్వర్‌కి డబ్బు తీసుకోవచ్చా" అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు దొరకదు. ఏ గేమ్, ఏం అమ్ముతున్నారు, డబ్బు ఏ దారిన వస్తోంది: మూడూ విడివిడిగా చూడాలి.

మన వైపు ఎక్కువ నడిచేది మైన్‌క్రాఫ్టే కాబట్టి అక్కడ మొదలుపెడదాం. సర్వర్ ప్రోగ్రామ్‌ను ఆట తయారుచేసే కంపెనీ మోజాంగ్ ఉచితంగానే ఇస్తుంది. మొదటిసారి నడిపితే అది ఆగిపోయి, ఒక చిన్న ఫైలు పుట్టించి, అందులో "యూలా ఈక్వల్స్ ఫాల్స్" అని రాస్తుంది. ఆ ఫాల్స్‌ను ట్రూగా మార్చి సేవ్ చేస్తేనే సర్వర్ లేస్తుంది. అందరూ యూట్యూబ్ చూసి పది సెకన్లలో చేసేసే ఆ మార్పే నిజానికి సంతకం. లైసెన్సు ఒప్పందానికి ఒప్పుకున్నట్టు లెక్క.

2014 జూన్ దాకా ఆ ఒప్పందాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద సర్వర్లు కత్తులూ కవచాలూ డబ్బుకి అమ్ముకునేవి, పిల్లలు అమ్మానాన్నల కార్డులు గీకేవారు, ఫిర్యాదులు మాత్రం మోజాంగ్‌కి వెళ్లేవి. ఆ నెల కంపెనీ నియమాలను విడమరిచి చెప్పి, దుకాణాలు సర్దుకోవడానికి ఆగస్టు 1 వరకు గడువిచ్చింది. దాని సారం పందిరి భాషలో చెప్పుకోవచ్చు. వినాయకుడి పందిరికి చందా ఎత్తవచ్చు. ఇచ్చినవాడి పేరు మైకులో చదవొచ్చు, కానీ ప్రసాదం అందరికీ ఒకేలా పెట్టాలి. గేటు దగ్గర టికెట్ పెట్టొచ్చు. పెడితే అందరికీ ఒకే రేటు, లోపలికి వచ్చాక అందరికీ అన్నీ అందాలి. పక్కన చిన్న దుకాణం పెట్టొచ్చు; అందులో అమ్మేవి అలంకారాలే కావాలి తప్ప ఆటలో ఒకడిని ఇంకొకడి మీద గెలిపించేవి కాకూడదు. టోపీలు, పెంపుడు జంతువులు, నడుస్తుంటే వెనకాల రాలే మెరుపులు సరే. ఆటలో సంపాదించుకునే నాణేలు ఉండొచ్చు గానీ వాటిని రూపాయలకు అమ్మకూడదు. సర్వర్ మొత్తానికీ పనిచేసే లాభం, అంటే ఒకడు డబ్బు కడితే గంటసేపు అందరికీ రెట్టింపు పాయింట్లు రావడం, ఒప్పుకుంటారు.

ఈ నియమం పెద్ద సర్వర్లకు పెద్ద దెబ్బ అని అప్పట్లో గోల జరిగింది. ఇరుక్కుపోయింది మాత్రం చిన్న సర్వర్లేనని మా అభిప్రాయం. కారణం సులువు. అలంకారానికి విలువ చూసేవాళ్ల వల్ల వస్తుంది. పదివేలమంది తిరిగే చోట బంగారు టోపీ పెట్టుకుంటే నలుగురూ తిరిగి చూస్తారు, కొనాలనిపిస్తుంది. రాత్రి ఎనిమిదింటికి పన్నెండు మంది ఉండే గుణుపురం సర్వర్‌లో, అందరూ ఒకే వీధి పిల్లలైన చోట, టోపీ ఎవడికి చూపించుకోవాలి? అక్కడ నిజంగా అమ్ముడుపోయేది బలం ఒక్కటే. అమ్మొద్దన్నదీ అదే. కాబట్టి పెద్ద సర్వర్‌ను చూసి దుకాణం పెట్టిన చిన్న సర్వర్‌కు రెండే దారులు మిగులుతాయి: నియమం తప్పడం, లేదా సరుకు అమ్ముడుపోక కూర్చోవడం. చిన్న సర్వర్‌కు దుకాణం కాదు, చందా సరిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. హోస్టింగ్ నెలకు 800 రూపాయలు అనుకుందాం, క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు ఇరవై మంది. టికెట్ పద్ధతిలో తలా 40. నియమానికి అడ్డేమీ లేదు, కానీ కొత్తవాడు రాడు. చూడకుండా 40 రూపాయలు ఎవరు కడతారు? ఆర్నెల్లలో సర్వర్ ఖాళీ అవుతుంది. చందా పద్ధతిలో గ్రూపులో రాయాల్సింది ఇంతే: "ఈ నెల బిల్లు 800. వచ్చింది 520. ఇంకా 280 కావాలి. నిండితే ఆదివారం సాయంత్రం అందరికీ రెండు గంటలు డబుల్ ఎక్స్‌పీ." ఇచ్చినవాళ్ల పేర్లు స్పాన్ (ఆటగాళ్లు మొదట దిగే చోటు) దగ్గర బోర్డు మీద. ఇవ్వనివాడూ ఆదివారం ఆడతాడు. ఎక్కువ వస్తే వచ్చే నెలకు జమ. లెక్క అందరికీ కనిపిస్తే చందా నిలబడుతుంది. వీఐపీ పట్టీ పెట్టినప్పుడు ఎవడెంత కట్టాడో ఓనర్‌కి తప్ప ఎవరికీ తెలియదు, కొట్లాటలు మొదలయ్యేది అక్కడే.

ఇప్పటికే వీఐపీ, కింగ్ లాంటి ర్యాంకులు అమ్మేసినవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని దగ్గరగా చూడాలి. చాలామంది వాడేది లక్‌పర్మ్స్, ఎసెన్షియల్స్ ఎక్స్ ప్లగిన్‌లు, అంటే సర్వర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు. కన్సోల్‌లో వీఐపీ గ్రూపు పర్మిషన్ల జాబితా తీయండి. ఫ్లై, హీల్, ఫీడ్, కీప్‌ఇన్వ్ (ఎగరడం, గాయం మానడం, ఆకలి తీరడం, చచ్చినా సామాను పోకపోవడం) పేర్లున్న వరుసలు, కిట్ల వరుసలు, సెట్‌హోమ్ మల్టిపుల్ వరుస తీసేయాలి. చివరిది చాలామంది మరిచిపోతారు. మామూలువాడికి ఒక ఇల్లు, వీఐపీకి మూడు అంటే అడవిలోంచి క్షణంలో మూడు చోట్లకు వెళ్లగలగడం, అది ఆటలో లాభమే. ఉంచుకోదగ్గవి: పేరు రంగు, చాట్ రంగు, దేన్నైనా తలకు పెట్టుకునే హ్యాట్ కమాండ్. అన్నీ తీసేశాం అనుకున్నాక కూడా కింగ్ ర్యాంకువాడు ఎగురుతుంటే కంగారుపడొద్దు. కింగ్ గ్రూపుకు పేరెంట్‌గా "డోనర్" అని పాత గ్రూపు ఒకటి ఉంటుంది, పర్మిషన్ అక్కడినుంచి దిగుతోంది. పైనుంచి కింది దాకా ప్రతి పేరెంట్‌ను చూడాలి.

ఇంకో సందు కూడా ఉంది. అలంకారాన్ని వస్తువుగా ఇస్తే, దాన్ని కొన్నవాడు సర్వర్ వేలంలో నాణేలకు అమ్మేస్తాడు. అంటే రూపాయలతో టోపీ కొని, టోపీతో నాణేలు, నాణేలతో కవచం. మీరు నాణేలు అమ్మలేదు గానీ అమ్మినంత పని అయింది. అందుకే అలంకారాన్ని చేతికిచ్చే వస్తువుగా కాకుండా పర్మిషన్‌గా ఇవ్వాలి, చేయి మారదు.

కొనేవాడికి చెప్పాల్సినవీ ఉన్నాయి. ఈ సర్వర్‌కు మోజాంగ్‌తో సంబంధం లేదని, డబ్బు తీసుకునేది ఎవరో, ఎవరిని అడగాలో తల్లిదండ్రులకు తెలిసేలా రాసి ఉండాలి. మన ఊళ్లలో దీనికో చిక్కు. గుణుపురంలో ఒకింట్లో తెలుగు చదువుతారు, పక్కింట్లో ఒడియా. స్పాన్ దగ్గర బోర్డు మీద తెలుగులో రాద్దామంటే మైన్‌క్రాఫ్ట్ మన లిపుల్ని అతికించదు. ఒత్తులు ఊడి పక్కన పడతాయి, గుణింతాలు విడిపోతాయి. ఒడియాకూ అదే గతి. కాబట్టి ఆటలో ఇంగ్లీషు అక్షరాల్లో రెండు ముక్కలు పెట్టి, అసలు నోటీసు రెండు భాషల్లోనూ వాట్సాప్ గ్రూపు వివరణలో పెట్టడం మేలు.

తప్పితే ఏమవుతుంది? మైన్‌క్రాఫ్ట్ 1.9.3 వచ్చిన 2016 మే నుంచి ఆటే ఒక నిషేధ జాబితాను మోజాంగ్ దగ్గర్నుంచి తెచ్చుకుంటుంది. అందులో సర్వర్ చిరునామాలు నేరుగా ఉండవు, ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌లుగా, అంటే వెనక్కి చదవలేని సంకేతాలుగా ఉంటాయి. ఆటగాడు మీ చిరునామా కొట్టగానే దాన్ని హ్యాష్ చేసి జాబితాతో పోలుస్తుంది. కలిస్తే కనెక్ట్ కానివ్వదు. మీ మెషీన్ బాగానే నడుస్తుంటుంది, సర్వర్ లాగ్ ఫైల్లో ఏ తప్పూ కనిపించదు, జనం మాత్రం రారు. జాబితాలో డొమైన్ పేర్లూ ఐపీలూ (అంకెల చిరునామాలు) రెండూ ఉండగలవు. చవక హోస్టింగ్‌లో ఒకే ఐపీ మీద పోర్టులు మార్చి పదిమంది సర్వర్లు పెడతారు కాబట్టి ఐపీయే జాబితాకెక్కితే పొరుగువాడి తప్పు మీకూ తగలొచ్చు. నిజం చెప్పాలంటే పన్నెండు మంది సర్వర్‌ను మోజాంగ్ ఆఫీసున్న స్టాక్‌హోమ్‌లో కూర్చుని ఎవరూ వెతకరు. ఫిర్యాదు పెట్టేది ఎప్పుడూ మీ దగ్గర బ్యాన్ తిన్న కుర్రాడే. వాడి దగ్గర మీ ధరల పట్టీ స్క్రీన్‌షాట్ ఉంటుంది.

జీటీఏ సంగతి వేరే. జీటీఏకు సొంత సర్వర్ పెట్టుకోనిచ్చే ప్రోగ్రామ్ ఫైవ్‌ఎం. దాని మీద రోల్‌ప్లే (పాత్ర ధరించి ఆడే) సర్వర్ నడిపేవాళ్లు బరంపురం, జయపురం కాలేజీ హాస్టళ్లలో కనిపిస్తారు. 2015లో ఫైవ్‌ఎం తయారుచేసినవాళ్ల ఖాతాలనే జీటీఏ కంపెనీ రాక్‌స్టార్ నిలిపేసింది. 2022 నవంబరులో రోల్‌ప్లే సర్వర్లకు అనుమతిస్తూ హద్దులు చెప్పింది. 2023 ఆగస్టులో ఆ బృందాన్నే తనలో కలుపుకుంది. హద్దులు ఇవి: డబ్బుకి లూట్ బాక్సులు (లోపల ఏముందో తెలియని పెట్టెలు) అమ్మొద్దు, ఆటలోని డబ్బు అమ్మొద్దు, కంపెనీల స్పాన్సర్‌షిప్‌లు వద్దు, క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీ వద్దు. మనవాళ్లు ఎక్కువ తప్పేది ఐదోదాంట్లో: ఇతరుల బ్రాండ్లూ పాత్రలూ సంగీతమూ దించొద్దు. సర్వర్‌కి మన వాసన రావాలని థార్ జీపు, బుల్లెట్ బండి మోడళ్లు ఎక్కిస్తారు, కారు రేడియోలో సినిమా పాటలు పెడతారు. ఉచిత సర్వర్‌లోనూ అది హద్దు దాటడమే, పైగా ఆ థార్‌ను 300 రూపాయలకు "డోనర్ కారు"గా అమ్మితే రెండు తప్పులు ఒకేసారి. పేరూ చిహ్నమూ లేని జీపు, మీరే కొట్టిన డప్పు రికార్డింగు అయితే ఇబ్బంది లేదు; ఆ మాటకొస్తే వాసనా వాటికే ఎక్కువ.

డబ్బు దారి కూడా ఇక్కడ కట్టుదిట్టం. ఫైవ్‌ఎం సర్వర్‌లో అమ్మకాలకు ఒప్పుకున్న దారి టెబెక్స్ అనే ఆన్‌లైన్ దుకాణం సేవ ఒక్కటే. యూపీఐ క్యూఆర్ పెట్టి స్క్రీన్‌షాట్ చూసి కారు ఇవ్వడం, అమ్మింది సరైనదే అయినా, ఒప్పందానికి బయట. సర్వర్ నడవడానికి కావాల్సిన లైసెన్సు కీ వాళ్ల చేతిలో ఉంటుంది. ఆపేస్తే సర్వర్ లేవదు, హోస్టింగ్ ఎక్కడ ఉన్నా సరే. దొంగ స్క్రీన్‌షాట్ల బెడద విడిగా ఉండనే ఉంది. ఫోన్‌పే తెరను అచ్చు గుద్దినట్టు చూపించే యాప్‌లున్నాయి. స్క్రీన్‌షాట్‌ను కాదు, బ్యాంకు ఖాతాలో పడిన ఎంట్రీని, దాని యూటీఆర్ (లావాదేవీ) నంబరును చూడాలి.

కౌంటర్ స్ట్రైక్‌లో దాని కంపెనీ వాల్వ్ కాపాడుకునేది స్కిన్ల (ఆయుధాల అలంకారాల) మార్కెట్‌ను. తుపాకీ రంగులూ కత్తులూ వేలకు వేలు పలుకుతాయి, కాబట్టి కొనని కత్తిని కొన్నట్టు చూపించే ప్లగిన్లను 2015 నుంచే నిషేధించింది. ఉచితంగా చూపించినా అంతే. సర్వర్‌ను ఇంటర్నెట్‌లో పెట్టాలంటే వాల్వ్‌వాళ్ల గేమ్ దుకాణం స్టీమ్‌లోని ఖాతానుంచి ఒక లాగిన్ టోకెన్ తీసుకోవాలి, ఆ ఖాతాకు ఫోన్ నంబరు జతచేసి ఉండాలి, కొత్తగా తెరిచిన పరిమిత ఖాతా పనికిరాదు. నిషేధం పడేది ఆ టోకెన్ మీద. అన్నయ్య ఖాతాతో టోకెన్ తీసి తమ్ముడు కత్తుల ప్లగిన్ పెడితే పోయేది అన్నయ్య టోకెన్లు. కౌంటర్ స్ట్రైక్ 2లో ప్లగిన్లు నడపడానికి వాడే కౌంటర్‌స్ట్రైక్‌షార్ప్ కోర్ సెట్టింగుల్లో వాల్వ్ మార్గదర్శకాలను పాటించమనే వరుస మొదటినుంచీ ట్రూ అని ఉంటుంది. ఏదైనా ప్లగిన్ పనిచేయాలంటే దాన్ని ఫాల్స్ చేయమని సూచనల్లో ఉందంటే, ఆ ప్లగిన్ ఎలాంటిదో అదే చెప్పేసింది.

సైనిక యుద్ధాల గేమ్ ఆర్మా 3కి దాని కంపెనీ బొహీమియా ఇంటరాక్టివ్ పెట్టిన పద్ధతి ఇంకొకటి: ముందు దరఖాస్తు, అనుమతి, తర్వాతే డబ్బు.

"మేం పైసా తీసుకోం కదా, మాకేం భయం" అనేవాళ్లకు వార్‌క్రాఫ్ట్ చరిత్ర తెలియాలి. 2010లో డబ్బు తీసుకుని ప్రైవేటు సర్వర్ నడిపిన ఒకామె మీద అమెరికా కోర్టు వార్‌క్రాఫ్ట్ కంపెనీ బ్లిజార్డ్‌కు 8 కోట్ల 80 లక్షల డాలర్ల పైచిలుకు తీర్పిచ్చింది. సరే, డబ్బు తీసుకుంది. కానీ 2016 ఏప్రిల్‌లో మూతపడ్డ నోస్టాల్రియస్ అనే వార్‌క్రాఫ్ట్ సర్వర్ ఉచితమే. తేడా ఎక్కడంటే, మోజాంగ్ సర్వర్ ప్రోగ్రామ్‌ను తనే చేతికిస్తుంది. బ్లిజార్డ్ ఎప్పుడూ ఇవ్వలేదు, జనం దాన్ని తిరిగి తయారుచేసుకున్నారు. ఇచ్చినదాన్ని వాడేటప్పుడు ప్రశ్న డబ్బు గురించి. ఇవ్వనిదాన్ని వాడితే ప్రశ్న సర్వర్ ఉండొచ్చా అన్నదే. మనసు మారిన కంపెనీలూ లేకపోలేదు: సిటీ ఆఫ్ హీరోస్ అనే గేమ్ అభిమానుల సర్వర్ హోమ్‌కమింగ్‌కు 2024 జనవరిలో ఆ గేమ్ కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ లైసెన్సు ఇచ్చింది. దాన్ని నమ్ముకుని మొదలుపెట్టడం మాత్రం లాటరీ టికెట్ మీద ఇల్లు కట్టడం.

ఇక్కడిదాకా కంపెనీల నియమాలు. మహా అయితే సర్వర్ పోతుంది. మన దేశపు చట్టం దగ్గర పోయేది వేరే. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. డబ్బో, డబ్బుతో కొన్న నాణేలో టోకెన్లో పెట్టి, గెలిస్తే తిరిగి డబ్బు వస్తుందని ఆడించే ఆటను అది నిషేధిస్తుంది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడదు. అలాంటిది నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. చందా, ఒకే రేటు ప్రవేశ రుసుము పందెం కావు కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. కానీ "ఎంట్రీ 50, గెలిచినవాడికి 1000" అని దసరా సెలవుల్లో పెట్టే పోటీ ఉందే, అది ఈ నిర్వచనానికి చాలా దగ్గరగా నడుస్తుంది. ఈ-స్పోర్ట్స్‌కు మినహాయింపు ఉంది, అయితే గుర్తింపూ నమోదూ ఉన్నవాటికి. వీధి సర్వర్‌కు అవి ఉండవు. పోటీ పెట్టాలంటే ఎంట్రీ తీసేయండి, బహుమతిగా కప్పు ఇవ్వండి. క్రేట్ (లక్కీ డ్రా పెట్టె) తెరిచి వచ్చిన వస్తువును ఓనరే రూపాయలకు తిరిగి కొనే పద్ధతి ఉంటే ఈ రోజే ఆపేయాలి.

పద్దెనిమిది నిండనివాడితో ఒప్పందం చెల్లదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 ప్రకారం. పిల్లాడు వాళ్లమ్మ ఫోన్‌లోంచి కట్టాడు, ఆమె తిరిగి ఇమ్మంది అంటే వాదించకుండా ఇచ్చేయడమే. వాదిస్తే ఆమె సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తుంది, డబ్బు పడిన ఖాతాలో మొత్తం నిలిచిపోవచ్చు. ఆ ఖాతా నాన్నగారి జీతం ఖాతా అయితే నెలంతా ఇంట్లో మీరే దోషి. చందాకు విడిగా ఒక జీరో బ్యాలెన్స్ ఖాతా, పెద్దవాళ్లలో ఒకరి పేరు మీద, వాళ్లకు చెప్పి.

అసలు బిల్లే తగ్గితే ఈ తలనొప్పులు సగం ఉండవు. ఇరవై మందికి 16 జీబీ ర్యామ్ ప్లాన్ కొనడం వృథా. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ప్రధాన పని ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. ప్రాసెసర్‌లో కోర్ల సంఖ్య కాదు, ఒక్కో కోర్ వేగం ముఖ్యం. పేపర్ అనే సర్వర్ ప్రోగ్రామ్ వేసి, 4 నుంచి 6 జీబీ ఇచ్చి, వ్యూ డిస్టెన్స్ (ఎంత దూరం కనిపించాలి) 10 నుంచి 6కి, సిమ్యులేషన్ డిస్టెన్స్ (ఎంత దూరం వరకు ఆట కదలాలి) 10 నుంచి 5కి దించండి. చంకీ ప్లగిన్‌తో 3000 బ్లాకుల వ్యాసార్ధం మేర ఆట ప్రపంచాన్ని ముందే తయారుచేసి పెట్టి, వరల్డ్ బోర్డర్ (సరిహద్దు) అక్కడే గీయండి. అందరూ కొత్త దిక్కులకు పరిగెత్తినప్పుడు ఆట తడబడటం చాలావరకు పోతుంది. ఫోన్లలో ఆడేవాళ్ల కోసం గైజర్, ఫ్లడ్‌గేట్ ప్లగిన్లు పెడితే విడిగా బెడ్‌రాక్ (ఫోన్ వెర్షన్) సర్వర్ అక్కర్లేదు. పోర్టులు: కంప్యూటర్ల జావా వెర్షన్‌కు టీసీపీ 25565, ఫోన్లకు యూడీపీ 19132.

ఇంట్లోని పాత 8 జీబీ ల్యాప్‌టాప్ మీదే నడపొచ్చు, బిల్లు కరెంటుదే. అడ్డం వచ్చేది సీజీనాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచడం. రౌటర్ పేజీలో వ్యాన్ (WAN) ఐపీ చూడండి: 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదు, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు చేసినా బయటివాళ్లు రాలేరు. కేబుల్‌వాడిని స్టాటిక్ ఐపీ అడగాలి, లేదా ప్లేఇట్ లాంటి టన్నెల్ వాడాలి. టన్నెల్ వల్ల పింగ్ (స్పందన ఆలస్యం) పెరుగుతుంది, కొట్లాట ఆటలకు తెలుస్తుంది, ఇళ్లు కట్టుకునే సర్వర్‌కు తెలియదు. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది గానీ రౌటర్‌కు లేదు. 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి రౌటర్‌కూ ఫైబర్ డబ్బాకూ కలిపి పెట్టుకోవాలి, రెండింటి ఆంపియర్లు కూడుకుని చూసి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. తుపాను కబురు వినగానే సర్వర్‌ను స్టాప్ కమాండ్‌తో ఆపి, వరల్డ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఆ పెన్‌డ్రైవ్‌ను ఆ ల్యాప్‌టాప్ లేని ఇంట్లో పెట్టండి.